విన్చ్ షెడ్డులో రెండు మేకులు

మా మామయ్యకు కోపం వస్తే ముందు మెడ ఎర్రబడుతుంది, తర్వాత చెవులు. ఎరుపు చెవులదాకా పాకిందంటే ఎదుట ఉన్నవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కణ్ణుంచి జారుకోవడం మంచిది. ఆ రోజు ఫెర్రీ హాల్లో, గోడకు తగిలించిన పెద్ద రంగుల ప్లాను ముందు నిలబడినప్పుడు ఆయన మొహమంతా కందగడ్డలా ఉంది. జారుకోవడానికి నాకు దారి లేదు. ఆ ప్లాను గీసింది నేనే.

ఆయన మా అమ్మకు అన్న. పడవలను నీళ్లలోంచి ఒడ్డుకు లాగి బాగుచేసే ర్యాంపుకు మేస్త్రీ. నలభై ఏళ్లకు పైగా అదే పని, అదే చోటు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. రేవులో అందరూ ఆయన్ను ‘ఆగాగు’ అంటారు. బండి మీద కూర్చున్న పడవను విన్చ్ యంత్రం ఇనుప తాడుతో పైకి లాగుతున్నప్పుడు అది వేలెడు పక్కకు ఒరిగినా చాలు, చెయ్యెత్తి “ఆగాగాగు!” అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేకకు విన్చ్ ఆగుతుంది, రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడూ ఆగుతాడు. ఇంట్లో మా అత్తయ్య టీ పోస్తున్నా అదే కేక. “ఈయన్ని చేసుకున్నాక ఒక్క గ్లాసూ నిండుగా పోసిన పాపాన పోలేదు” అంటుంది అత్తయ్య.

ఆ ర్యాంపు దగ్గర చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్లలోకి దిగిపోయే సిమెంటు వాలు, దాని మీద రెండు పట్టాలు, పైన రేకుల షెడ్డు, షెడ్డులో విన్చ్. తారూ పెయింటూ తడి చెక్కా కలిసిన వాసన. కానీ ఈ రేవులో ఏ పడవకు అడుగున చిల్లు పడినా, ప్రొపెల్లర్ రెక్క వంగినా, ఒంటినిండా గుల్లలు పట్టినా వచ్చేది ఇక్కడికే. పద్నాలుగు మంది పనివాళ్లు. పడవ పొట్ట కింద వెల్లకిలా పడుకుని గుల్లలు గీకేవాళ్లు, చెక్కల సందుల్లో పీచు కూరి తారు పూసేవాళ్లు. మామయ్య అరుపుల్ని తిట్టుకుంటూనే ఏళ్లకేళ్లుగా ఆయన దగ్గరే ఉండిపోయినవాళ్లు.

రేవులో లోతు కొలిచే పని మొదట మా అమ్మమ్మది. వారానికోసారి, పాటు బాగా దిగి నీళ్లు తక్కువగా ఉన్న గంటలో, చిన్న పడవేసుకుని రేవంతా తిరిగేది. చేతిలో తాడు, తాడు చివర సీసం గుండు, గుండు అడుగున గుంటలో కాస్త మైనం. తాడుకు బారకొక ముడి. గుండు నేలను తాకగానే ఎన్ని ముళ్లు మునిగాయో చూసుకునేది. పైకి లాగి మైనానికి ఏమంటుకుందో చూసేది. మోకాళ్లు మొరాయించాక ఆ తాడు మామయ్య చేతికొచ్చింది. లావుపాటి పుస్తకంలో ఆయన ఇప్పటికీ వారం వారం రాస్తాడు: ఏ చోటు, ఎన్ని బారలు, పక్కన ఒక్క అక్షరం. ఇసుకైతే ఇ, బురదైతే బు, రాయైతే రా. అమ్మమ్మ పోయి పన్నెండేళ్లయింది, పుస్తకం మాత్రం ఒక్క వారం కూడా ఆగలేదు.

రోజూ సాయంత్రం బడి వదిలాక నేను ఆ షెడ్డులోనే పెరిగాను. గోడకు భుజాలెత్తున అడ్డంగా ఒక చెక్క కొట్టి ఉండేది, దానికి రెండు మేకులు. ఒకటి కిటికీ పక్కన, రెండోది దూరంగా తలుపు వైపు. కిటికీ పక్కదానికి నా సంచీ తగిలించేదాన్ని. “ఆ మేకుకి తగిలించకే!” అని మామయ్య ప్రతిసారీ అరిచేవాడు. ఆయన అరవనిది దేనికి? నేను ప్రతిసారీ తగిలించేదాన్ని. ఉద్యోగం వచ్చాక ఆఫీసు బ్యాగు కూడా దానికే.

ఉద్యోగం నగర ప్రణాళికా కార్యాలయంలో. కంప్యూటర్ మీద ప్లాన్లు గీయడం. రెండేళ్ల కిందట రేవు ఒడ్డునంతా సముద్ర పరిశ్రమల ప్రాంగణంగా మార్చాలని పైవాళ్లు నిర్ణయించారు. పడవలు కట్టే షెడ్లు, ఇంజన్ల వర్క్‌షాపులు, వెల్డింగ్ నేర్పే శిక్షణ కేంద్రం, తూర్పు మూలన పెద్ద పడవలను అమాంతం ఎత్తి ఒడ్డున పెట్టే లిఫ్టు. నేను దానికి వ్యతిరేకిని కాను, ఇప్పటికీ కాను. మా రేవుకు ఇలాంటిదొకటి రావాలని చిన్నప్పట్నుంచీ కోరుకున్నదాన్ని. సెలవు రోజుల్లో కూడా కూర్చుని గీశాను.

చిక్కు లోతు దగ్గర వచ్చింది. రేవుకు సరైన సర్వే లేదు. కొత్తగా చేయించాలంటే ఎనిమిది నెలలు పడుతుంది, మా చీఫ్ ప్లానరుకు ఎనిమిది రోజుల ఓపిక లేదు. “లోకల్‌గా ఎవరి దగ్గరైనా లెక్కలుంటే చూడండి” అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మామయ్య పుస్తకం ఉందిగా! ఆయన కష్టం సర్కారు కాగితమెక్కుతుందని నా సంబరం. ఆయన కూడా లోపల్లోపల మురిసిపోయినట్టున్నాడు. పుస్తకాన్ని ఉతికిన చొక్కాలో చుట్టి ఇచ్చాడు. “ఎవరైనా వచ్చి అడిగితే వివరంగా చెప్తాను” అన్నాడు.

ఎవరూ వెళ్లలేదు. నేనూ అడగలేదు. పుస్తకంలో ఉన్నవి బారలు, మాకు కావలసినవి మీటర్లు. బారంటే ఆరడుగులు, అంటే మీటరు ఎనభై మూడు సెంటీమీటర్లు. ఇందులో అడగడానికేముంది? అంకెలన్నీ గుణించి ఎక్కించేశాను. పక్కనున్న అక్షరాలకు మా పట్టికలో గడి లేదు, వదిలేశాను. చీఫ్ నా భుజం తట్టాడు. ఆ తట్టు తల్చుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ప్లానునే, విచారణకు ముందు ప్రజల అభిప్రాయం కోసమని ఫెర్రీ హాల్లో పెట్టారు. మామయ్య పని చొక్కాతోనే వచ్చాడు. వేలితో ఒడ్డు వెంబడే వెతుక్కుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

“ర్యాంపేదే?”

“అది మారుస్తారు మామయ్యా. తూర్పు మూలన లిఫ్టు వస్తుందిగా, మీవాళ్లందరికీ అక్కడే...”

“మరి ఇక్కడేమొస్తుంది?”

“నడకదారి. బెంచీలు.”

“బెంచీల మీద కూర్చుని ఏం చూస్తారంట?”

“పడవల్ని.”

“ఏ పడవల్ని? బాగుచేసేవాడు లేకపోతే చూడ్డానికి పడవెక్కడుంటుందే?”

పడవల పరిశ్రమ పెంచడానికి వేసిన ప్లానులో, పడవలకు ఇప్పుడున్న ఒకే ఒక్క దిక్కును తుడిచిపెట్టాం. ఆ సంగతి నాకు ఆర్నెల్లుగా తెలుసు. కొత్త చోటు ఇంకా బాగుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాను. మామయ్య వేలు అప్పటికి తూర్పు మూలకు చేరింది.

“ఐదున్నరేంటి ఇది?”

“లోతు. మీటర్లలో. నీ పుస్తకంలోదే, మూడు బారలు.”

“బారకెంత వేశావ్?”

“మీటరు ఎనభై మూడు.”

“ఎవరి బార?”

“ఎవరి బారేంటి మామయ్యా? బారంటే బారే.”

“బారంటే బారే!” అని వెక్కిరించాడు. హాల్లో వాళ్లు మావైపు తిరిగారు. “ఆ తాడు మా అమ్మ కొలత మీద కట్టిన తాడు. దాని మీదున్నది ఆవిడ బార. రేవులో పడవలవాళ్లందరికీ అదే లెక్క. మీ అమ్మమ్మ ఎంతుండేదే? ఆరడుగులుండేదా? నీ అంతుండేది!”

నన్ను చూసినవాళ్లంతా అచ్చం అమ్మమ్మేనంటారు, ఎత్తుతో సహా. బారంటే చాచిన చేతుల మేర, అది మనిషి ఎత్తంతే ఉంటుంది. నా ఎత్తుతోనే అక్కడే ఫోన్లో లెక్కేశాను. ఐదున్నర కాదు, నాలుగున్నరకు కూడా బెత్తెడు తక్కువ. లిఫ్టుకు వచ్చే పెద్ద పడవలకు ఐదు మీటర్లు కావాలి. పాటు వేళ వస్తే పొట్ట నేలకు ఆనుకుంటుంది.

“తవ్వుకుంటారేమో మామయ్యా” అన్నాను, చచ్చు గొంతుతో.

“అంకె పక్కన ఏం రాశానో చదివావా?”

రా. రాయి. నేను గడి లేదని వదిలేసిన అక్షరం. మామయ్య టోపీ తీసి తొడకేసి ఒక్కటి కొట్టి, వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోంచి ఆ తాడు తీసుకుని చీఫ్ గదికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు. మాట వినదలుచుకోనప్పుడే కళ్లజోడు తుడుస్తాడు.

“ప్లాను కమిటీకి వెళ్లిపోయిందమ్మా. లోతు సంగతి మూడో దశలో చూసుకుందాం.”

“ర్యాంపు తీసేసేది మొదటి దశలో కదా సార్. ఈ మధ్యలో పడవలు ఎక్కడికెళ్లాలి?”

“తాత్కాలిక ఏర్పాట్లుంటాయి.” అవేంటో ఆయన చెప్పలేదు, ఎందుకంటే లేవు. ఏ కాగితం మీదా లేవని గీసినదాన్ని నాకు తెలియదా? తర్వాత తాడును పెన్ను చివరతో అటు నెట్టి అన్నాడు: “చూడు, మీ మామయ్యకు ర్యాంపు పోతుందన్న బాధ ఉంటుంది. కాదనను. తాడుకు ముళ్లెయ్యడం ఎంతసేపు? నిన్న వేసి ఇవాళ పంపి ఉండొచ్చు.”

ఆ మాటకు ఆ తాడు, సీసం గుండుతో సహా, ఆయన బల్ల అద్దం మీద వేసి కొట్టాల్సింది. నేనేమన్నానో తెలుసా? “సరే సార్” అన్నాను. నోట్లో నాలుక లేనిదానిలా తాడు చుట్టుకుని బయటికొచ్చాను. మెట్ల దగ్గర నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. మూడో దశట! ఉన్నదాన్ని ముందు పీకేసి, లేనిదాన్ని తీరిగ్గా చూసుకుంటారట. పైగా దొంగ మా మామయ్య!

మామయ్య ఇంటికెళ్లి తాడు తిరిగిచ్చి, చీఫ్ అన్నది అన్నట్టు చెప్పాను. మామయ్య అరవలేదు. అత్తయ్య పోస్తున్న టీ గ్లాసు అంచుదాకా వచ్చినా ఆగమనలేదు. నాకు భయమేసింది.

“విచారణ ఎప్పుడు?” అన్నాడు.

“శుక్రవారం పదింటికి.”

“సరే.”

శుక్రవారం అదే ఫెర్రీ హాలు. బయటినుంచి వచ్చిన విచారణ అధికారి, నెరిసిన జుట్టావిడ, ముందు బల్ల దగ్గర కూర్చుని అన్నీ స్వయంగా రాసుకుంటోంది. ర్యాంపు వాళ్లు పద్నాలుగు మందీ వెనక వరసలో ఉన్నారు. మా చీఫ్ తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఎంతమందికి పనులొస్తాయో, ఎన్ని పడవలు తయారవుతాయో చెప్పుకుంటూ పోయాడు. కంప్యూటర్ మీద బొమ్మలు మారుస్తున్నది నేను.

“ఇక తూర్పు మూల. అక్కడ సహజమైన లోతు ఐదున్నర మీటర్లు. ఇది స్థానికులే నలభై ఏళ్లుగా...”

“ఆగాగాగు!”

నా వేలు మీట మీదే ఆగిపోయింది. చీఫ్ నోరు ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మామయ్య లేచి నిలబడ్డాడు, ఎర్రటి చెవులతో.

“ఆ పుస్తకం నాదమ్మా. వీళ్లకది చదవడం రాలేదు. రానప్పుడు నన్ను పిలవొచ్చుగా? వంద అడుగుల దూరంలో ఉంటాను. రెండేళ్లలో ఒక్కడు వంద అడుగులు నడిచి రాలేదు. ఇప్పుడు తప్పుడు లెక్క వేసి నా పేరు చెప్తున్నారు. రేపు ఆ రాయి మీద ఒక పడవ కూర్చుంటే, ఎవడు కొలిచాడ్రా అని అడిగితే, నన్నేగా చూపిస్తారు?” తాడు తీసి చూపించి బార సంగతంతా చెప్పాడు.

చీఫ్ కళ్లజోడు తీశాడు. “మేడమ్, ఈయన ర్యాంపు మేస్త్రీ. ర్యాంపు పోకూడదన్నది ఆయన కోరిక. ఆ ముళ్లు ఎప్పుడు వేసినవో ఎవరికి తెలుసు? మొన్న వేసి ఉండొచ్చు.”

“మొన్నే వేశాను!” మామయ్య గొంతు రేకుల కప్పుకు తగిలింది. “పోయిన నెల కొత్త తాడు కట్టాను. అంతకుముందు నాలుగేళ్ల కింద కట్టాను. తాడు కుళ్లితే కొత్తది కట్టమా? ఎన్నిసార్లు కట్టినా ఆ మేకులకి పట్టే కదయ్యా కట్టేది!”

“ఏ మేకులు?” అంది అధికారి.

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. కిటికీ పక్కన ఒకటి. తలుపు వైపు ఒకటి. ఎందుకంత ఎడంగా కొట్టారని ఇన్నేళ్లలో ఒక్కసారీ నేను అనుకోలేదు. లేచి నిలబడ్డాను. ఈసారి నోరు నా మాట విన్నది.

“మేడమ్, ఈ ప్లాను గీసింది నేను. బారల్ని మీటర్లు చేసింది నేనే, ఎవర్నీ అడక్కుండా. అక్కడ అడుగున రాయి ఉందని పుస్తకంలో ఉంటే వదిలేసింది కూడా నేనే. ఆ మేకులు ర్యాంపు షెడ్డులో ఉన్నాయి. ప్లానులో ఆ షెడ్డు కూలగొట్టాలని గీసిందీ నేనే.”

చీఫ్ నావైపు గుడ్లురిమి చూశాడు. అధికారి పెన్ను మూసింది. “పదండి, చూద్దాం” అంది.

హాలంతా కదిలి షెడ్డుకు వచ్చింది. మేకుల మీద ఏళ్ల తరబడి వేసిన పెయింటు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. అధికారి చెప్తే, గుల్లలు గీకే కత్తితో ఒక పనివాడు గీకాడు. నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ నీలం, ఇంకా కింద ఎరుపు. చివరికి పడవ చెక్కలకు కొట్టే రాగి మేకు తల మెరిసింది. మా ఆఫీసు సర్వేయరే ఉక్కు టేపు పట్టాడు.

“నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు” అన్నాడు. తర్వాత మామయ్య తాడుకు ముడికీ ముడికీ మధ్య పెట్టి చూశాడు. అదే అంకె.

చీఫ్ ఇంకా వదల్లేదు. “ఎవరో ఎప్పుడో కొట్టిన మేకులు మేడమ్. ఇది ఆవిడ బారేనని నమ్మకమేంటి?”

మామయ్య ఆయన వైపు కూడా చూడలేదు. “నువ్విటు రావే” అన్నాడు నాతో. “గోడకి ఆనుకుని చేతులు చాపు.”

చాపాను. ఎడమ చేతి నడిమి వేలు ఒక మేకును తాకింది, కుడిచేతిది రెండోదాన్ని. ఎంత తడిమినా వెంట్రుకవాసి కూడా మిగల్లేదు. అమ్మమ్మ ఇక్కడే, ఇలాగే వీపు ఆనించి నిలబడి ఉంటుంది. ఎవరో ఈ చివరా ఆ చివరా మేకులు కొట్టి ఉంటారు. నాకు కన్నీళ్లొచ్చాయి, అవి ఏడుపువి కావు, కోపానివి. ఈ చేతులు పెట్టుకుని నేను ఆరడుగుల లెక్క వేశాను.

పాత పనివాళ్లలో ఒకాయన, అమ్మమ్మను ఎరిగినవాడు, “అచ్చం పెద్దమ్మే” అన్నాడు. అధికారి అదీ రాసుకుంది.

తూర్పు మూల మళ్లీ కొలిచేదాకా ర్యాంపు మీద చెయ్యి వెయ్యకూడదని, కొలిచేటప్పుడు మామయ్య పక్కన ఉండాలని ఆవిడ ఉత్తర్వు ఇచ్చింది. తాడును సాక్ష్యంగా తీసుకుంది. సోమవారం నా బల్ల మీద మెమో ఉంది: పై అధికారి అనుమతి లేకుండా బహిరంగంగా మాట్లాడినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. చీఫ్‌కు మాత్రం ఏమీ కాలేదు. స్థానిక రికార్డుల్లో అస్పష్టత ఉందని ఫైల్లో రాసుకుని చేతులు దులుపుకున్నాడు. అస్పష్టత! చెక్కలో దిగ్గొట్టిన రెండు మేకుల కంటే స్పష్టంగా మనిషన్నవాడు ఇంకేం చెప్పగలడు?

సాయంత్రం మెమో పట్టుకుని షెడ్డుకు వెళ్లాను, మామయ్య ఓదారుస్తాడేమోనని. ఆయన కొత్త తాడు కట్ట విప్పుతున్నాడు. మెమో చదివి నా చేతిలో పెట్టేశాడు.

“ఇన్నేళ్లు అరిచాను, ఆ మేకుకి తగిలించకని.”

“ఎందుకో ఒక్కసారైనా చెప్పావా?” నాకూ కోపమొచ్చింది.

“ఎందుకని ఒక్కసారైనా అడిగావా?”

బయట ఎవరో పడవ పొట్ట గీకుతున్నారు. మామయ్య తాడు కొస తెచ్చి నా ఎడమ చేతి వేళ్ల మధ్య పెట్టాడు. “చేతులు చాపు. కొలవడానికి వాళ్లొచ్చేసరికి తాడు కావాలి.”

“మేకులున్నాయిగా మామయ్యా.”

“వాటిని నువ్వు కాగితం మీద ఒకసారి పీకేశావు. రేపు ఇంకొకడు గోడ మీద పీకుతాడు. చాపు!”

చాపాను. ఒక ముడి వేశాడు, రెండో ముడి వేశాడు. ఆరో ముడికి భుజాలు పీకడం మొదలైంది. “ఆగాగు మామయ్యా” అన్నాను.

“మా అమ్మ ఏనాడూ ఆ మాట అనలేదు” అన్నాడు. కానీ ఆగాడు. నా చేతులు దించుకోనిచ్చి, పుస్తకం తెచ్చి మొదటి పేజీ తెరిచాడు. “రాయి. ఇది ఎవరి బారో, ఎంతో. ఇంకెవడూ నన్ను అడక్కుండా గుణకారాలు చెయ్యకూడదు.”

రాశాను. ఒక బార అంటే ఈ రేవులో లోతు కొలిచిన మా అమ్మమ్మ చాపిన చేతులు, నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు, మేకులు షెడ్డు గోడకు ఉన్నాయి, అనుమానముంటే వచ్చి చూసుకోండి. కింద సంతకం పెట్టి, ఆఫీసులో నా హోదా కూడా రాయమన్నాడు. ఉంటుందో ఊడుతుందో తెలియని హోదా. రాశాను.

పుస్తకం తీసుకుని ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత తల పైకెత్తి, నా వెనక గోడ వైపు చూశాడు. వచ్చీరాగానే అలవాటుకొద్దీ నా బ్యాగు కిటికీ పక్క మేకుకే తగిలించేశాను.

ఆయన మెడ ఎర్రబడటం మొదలైంది.